డోళ్ళతో పాటు పడుకున్న చెవి

డోళ్ళను పడుకోబెట్టి వారం తిరగకుండానే నా కూతురి చెవి నడివీధిలో ఈల వేసింది.

ఒక్కసారి వేసి ఊరుకుంటే ఏ పిట్టో అనుకునేవాళ్ళు. సన్నగా, సూదితో గుచ్చినట్టు, ఆపకుండా వేసింది. బండిలోంచి అరటి గెలలు దించుతున్న ఆడవాళ్ళు తలలెత్తారు. అరుగు మీద కునికిపాట్లు పడుతున్న ముసలాయన లేచి కూర్చున్నాడు. నేను గబుక్కున ఒఫోసువా తలని నా భుజం మీది గుడ్డలోకి లాక్కుని చెవి మూశాను. మూసేసరికి అది ఇంకా గట్టిగా కూసింది. దాని చెవిలోని మిషను సంగతి అంతే, మూసేకొద్దీ మొండికేస్తుంది. పిల్లకి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. తన చెవే ఊరంతటినీ నిలబెట్టేసిందని తెలియక నా చంక కింద నుంచి తొంగి చూసి నవ్వుతోంది.

ఊరి కాపలాదారు యిరెంచి కర్ర పట్టుకుని వచ్చేశాడు.

"ఏంటక్కా ఇది? పిల్ల నోట్లో బూర ఏమైనా పెట్టావా?" అని చేతులతో అడిగాడు.

"నోట్లో కాదు, చెవిలో," అన్నాను నేనూ చేతులతోనే.

"చెవి ఈల వేయడమేంటి? నాతో వేళాకోళమా?"

"నీతో వేళాకోళమాడితే నాకేమొస్తుంది? మిషను అది. వినడానికి."

"వినడానికైతే అదెందుకు అరుస్తోంది?"

అదెందుకో నాకే తెలియదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ తెలియదు.

పండగ ముందు వారాల్లో మా ఊళ్ళో చప్పుడుండదు. డోళ్ళను పక్కకి వాల్చి, తెల్లగుడ్డ కప్పి, డోళ్ళ ఇంట్లో పడుకోబెడతారు. ఇక ఆ రోజు నుంచి ఈల లేదు, చప్పట్లు లేవు, కేక లేదు, ఇంట్లో చావు వచ్చినా ఏడుపు లేదు, ఉడికిన దుంపల్ని ముద్దగా ఫూఫూ దంచడం కూడా లేదు. కొత్త దుంప భూమిలో ఊరుతోంది, పోయిన పెద్దలు దాని పక్కనే కూర్చుని ఉన్నారు, వాళ్ళని కదిలించకూడదు. ఈ నియమం కొండ మీది ఊళ్ళకి కొత్తేమీ కాదు. మా ఊరి దారి మాత్రం వేరు. మా దగ్గర చెవులు వినపడని మనిషి లేని గడప లేదు. పాలు తాగే వయసు నుంచే అందరికీ చేతిమాట వచ్చేస్తుంది. అందుకని ఆ వారాల్లో వీధిలోకి వచ్చాక ఎవరూ నోరు విప్పరు. అన్నీ చేతులతోనే. సంత నిండా జనం ఉంటారు, బేరాలు జరుగుతాయి, తగవులు జరుగుతాయి, అయినా దుంపల మీద వాలిన ఈగ రొద వినిపిస్తుంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను, ఏటా మొదటి రోజున వీధిలోకి అడుగుపెట్టగానే నాకు ఒళ్ళు ఝల్లుమంటుంది.

ఆ వారాల్లో ఊరి చాటింపు మా అమ్మది. మా అమ్మ అసాబియాకి పుట్టినప్పటి నుంచి వినపడదు. మామూలు రోజుల్లో గంట కొట్టి చాటేవాడు వేరే ఉన్నాడు. గంట కూడా డోళ్ళతో పాటు పడుకుంటుంది కనుక అతని పని మా అమ్మకి వస్తుంది. తెల్లబట్ట కట్టుకుని ప్రతి వాకిట్లోనూ నిలబడి మడమతో నేలని తంతుంది. లోపలివాళ్ళకి కాళ్ళలో తెలుస్తుంది, బయటికి వస్తారు. మా రాజుగారు నానా ఏమన్నారో అప్పుడు చెబుతుంది. అంత స్పష్టంగా, అంత ఎకసెక్కంగా మాట్లాడే చేతులు ఊళ్ళో మరి లేవు. ఆ వారాల్లో ఆవిడతో తగవు పెట్టుకుని బతికి బట్టకట్టినవాళ్ళని నేను చూడలేదు.

అలాంటి మనిషి ఆ ఏడు మా ఇంట్లో మాత్రం తన రెండు చేతుల మీద కూర్చుంది. దానికి కారణం కూడా ఆ మిషనే.

మా ఆయన పేరు ఆపియా, అక్రా పట్నం రోడ్డు మీద వ్యాను నడుపుతాడు. కొండ కింద పుట్టినవాడు. నాలుగేళ్ళ కూతురు "నాన్నా" అని పిలవదన్న దిగులు అతనికి ఎప్పుడూ ఉంది. కొండ కింద, వినపడని పిల్లల బడిలో చెవులకి మిషన్లు పెడుతున్నారని ఎవరో అంటే పిల్లనీ నన్నూ బండెక్కించుకుని పోయాడు. అక్కడ లాంప్టీ మేడమ్ ఒఫోసువా చెవుల్లో ఏవేవో గొట్టాలు పెట్టి చూసింది.

"పూర్తిగా పోలేదమ్మా. కాస్త మిగిలి ఉంది. దీంతో అందుకోవచ్చు," అని అరచేతిలో పెట్టి చూపించింది.

వేరుశనక్కాయంత ఉంది. దానికో సన్నటి గొట్టం, గొట్టం చివర చెవిలో దూరే మెత్తటి బిళ్ళ. అంతే. నేను దాన్ని పట్టుకుని ఎంతసేపు చూశానో నాకే తెలియదు. వాన మొత్తం ఇందులోంచి పోతుందా? కోడి కూత, బండి హారను, మా ఆయన సణుగుడు, ఇవన్నీ ఇంత చిన్నదాంట్లో పడతాయా? మనిషి చేసిన వస్తువుని చూసి దణ్ణం పెట్టాలనిపించడం నాకు అదే మొదలు.

"పండగ దాకా చూద్దాం," అంది మేడమ్. "చప్పుడు వచ్చిన వైపు తిరగడం మొదలుపెడితే ఇది నీ కూతురిదే. మా బడిలో చోటు కూడా ఇప్పిస్తాను. తిరగలేదంటే ఇంకో బిడ్డకి ఇచ్చేయాలి. బోలెడుమంది కాచుకుని ఉన్నారు. ఇంకో మాట. ఇంట్లో ఎవరూ చేతులతో మాట్లాడకూడదు. చేతులు దొరికాయంటే చెవి బద్ధకిస్తుంది. అమ్మమ్మ ఉందన్నారుగా, ఆవిడ కూడా. ముఖ్యంగా ఆవిడ."

ఇంటికొచ్చి ఆ మాట మా అమ్మకి చెప్పాను.  అమ్మ వసారా చివరికి వెళ్ళి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఒఫోసువా వచ్చి ముందు నిలబడి, "చేతుల్లో ఏం దాచావు? చూపించు," అని అడిగింది. ఆట అనుకుంది. మోచేతులు పట్టుకుని గుంజింది. మా అమ్మ మొహం పక్కకి తిప్పేసుకుంది.  అయినా నేను ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఆ చెవి తెరుచుకోవాలి, నాకు అంతకన్నా ఏమీ కనబడలేదు.

ఆ వారమంతా పిల్లని గదిలో పెట్టుకుని చెవిలో మెల్లగా మాట్లాడాను. నీళ్ళు, దీపం, అన్నం, అమ్మ. అది నా పెదవుల వంక చూసేది, నా చేతుల వంక చూసేది, చేతులు కదలకపోతే విసుగెత్తి కొట్టేది. ఒక్కసారీ చప్పుడుకి తిరగలేదు. కాస్త గాలి పోసుకుంటుందని బయటికి తీసుకొచ్చిన రోజే మిషను ఈల వేసింది.

నానా వాకిట్లో పంచాయతీ పెట్టారు. చుట్టూ పెద్దలు, మధ్యలో పీట మీద పళ్ళెం, పళ్ళెంలో మిషను. నేరస్తుడు అంత చిన్నగా ఉన్న పంచాయతీ మా ఊళ్ళో అంతకుముందు జరగలేదు.

పెద్ద డోలు కొట్టే డార్కో తాత దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, అటూ ఇటూ తిప్పి, గుప్పిట మూశాడు. కుయ్యిమంది. తాత దాన్ని పళ్ళెంలో పడేసి రెండడుగులు వెనక్కి గెంతాడు. పెద్దమనుషులంతా గుడ్డలు నోట్లో కుక్కుకున్నారు. గట్టిగా నవ్వకూడదు కదా, భుజాలు మాత్రం ఎగిరిపడుతున్నాయి.

నానా గంభీరంగా మా అమ్మ వైపు తిరిగాడు. "చాటింపు అసాబియా, ఆ ఈల నువ్వు విన్నావా?"

"నన్నా అడగడం నానా? మీ నాన్నగారి పట్టాభిషేకానికి తుపాకులు పేలిస్తేనే నేను వినలేదు," అంది మా అమ్మ.

మళ్ళీ భుజాలు ఎగిరాయి. యిరెంచి ఒక్కడే నవ్వలేదు. అతనికి నియమం అంటే నియమమే. "ఈల వేసినవాళ్ళు గొర్రెనీ సారా సీసానీ ఇచ్చుకోవాలి. ఎవరు వేసినా సరే," అన్నాడు.

"పిల్ల పెదవి కదిపిందా?" అని అడిగాడు డార్కో తాత.

"లేదు."

"తల్లి కదిపిందా?"

"లేదు."

"మరి ఇదే వేసింది. దీనికి పొట్ట ఉంది, గొంతు ఉంది, చెయ్యి దగ్గరికి తెస్తే మోగుతోంది. నన్నడిగితే ఇది మా డోళ్ళ వంశంలోదే."

"వేలెడంత లేదు, ఇది డోలా?"

"పిల్ల డోలు," అన్నాడు తాత తొణక్కుండా.

పెద్దలు తలలు దగ్గర పెట్టుకుని చేతులాడించారు. తర్వాత నానా తీర్పు చెప్పాడు. గొర్రె అక్కర్లేదు. తప్పు పిల్లది కాదు. మిగతా డోళ్ళు ఎక్కడ పడుకున్నాయో ఇది కూడా అక్కడే పడుకోవాలి. అవి లేచిన రోజున ఇదీ లేస్తుంది.

నేను ముందుకొచ్చాను. "నానా, పండగకి లాంప్టీ మేడమ్ వస్తుంది. అప్పటికి పిల్ల చప్పుడుకి తిరగకపోతే మిషను పట్టుకుపోతుంది. ఇన్ని వారాలు దీన్ని పడుకోబెడితే దానికి చప్పుడు ఎలా అలవాటవుతుంది?"

నానా నన్ను జాలిగా చూశాడు. "అలవాటు కావడానికి ఊళ్ళో చప్పుడేది తల్లీ?"

నిజమే. నా మతికి తట్టనే లేదు. ఏడాదంతటిలో ఏ చప్పుడూ ఉండని వారాల్లో నేను పిల్లకి వినడం నేర్పుతున్నాను.

నేను బ్యాటరీ తీసి ఇచ్చాను. మా అమ్మ మిషనుని తెల్లగుడ్డలో చుట్టి, డోళ్ళ ఇంట్లోకి తీసుకెళ్ళి, పెద్ద డోలు పక్కన పడుకోబెట్టి వచ్చింది. పసిబిడ్డని పడుకోబెట్టినట్టే పెట్టింది, అది ఒప్పుకోవాలి. కానీ తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ నడకలో తేలిక నాకు కనబడింది. ఒళ్ళు మండిపోయింది.

వంటింట్లోకి రాగానే కడిగేశాను. "నీకు సంతోషంగా ఉంది కదూ?"

"ఉంది," అంది మా అమ్మ. "లేదని అబద్ధం చెప్పనా? నా మనవరాలితో మాట్లాడి ఎన్నాళ్ళయింది? కూర్చుని కూర్చుని చేతులు తిమ్మిరెక్కాయి."

"అది జీవితాంతం ఇలాగే ఉండిపోవాలా?"

"ఇలాగే అంటే? నాలాగానా?"

నా చేతులు గాల్లోనే ఆగిపోయాయి. మా అమ్మ నా మణికట్టు పట్టుకుని మెల్లగా కిందికి దింపింది. తర్వాత మొహం మార్చి, అల్లరిగా అంది.

"పిచ్చిదానా, పండగ రోజు దాన్ని నా చేత్తో నేనే లేపుతాను. నాకూ కావాలి అది."

"నీకెందుకు?"

"అడగడానికి. నువ్వు బుడ్డిపిల్లగా ఉన్నప్పటి నుంచి నిన్ను అడుగుతున్నాను, చప్పుడంటే ఏంటే అని. వాన చప్పుడెలా ఉంటుందంటే నీళ్ళు పడ్డట్టు ఉంటుందన్నావు. నీళ్ళు పడటం నాకు కనబడుతూనే ఉంది. ఉరుమెలా ఉంటుందంటే పెద్దగా ఉంటుందన్నావు. కొండ కూడా పెద్దగానే ఉంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. నీకు పుట్టుకతోనే చెవులున్నాయి, నీకేం తెలుస్తుంది? చేపని పట్టుకుని నీళ్ళెలా ఉంటాయని అడిగితే అదేం చెబుతుంది? దీనికి అలా కాదు. ఇది మా ఇంట్లోంచి మీ ఇంట్లోకి నడిచి వెళ్తోంది. ఇదైతే చెబుతుంది."

 నేను పొయ్యి వైపు తిరిగి దుంపలు చెక్కడం మొదలుపెట్టాను.

మర్నాటి నుంచి ఇంట్లో చేతులు విప్పుకున్నాయి. ఒఫోసువా వారం రోజుల మాటలన్నీ ఒక్కపూటలో కక్కేసింది. మేక ఈనబోతోందట. పక్కింటి వాళ్ళ కుక్క మూడు కాళ్ళతో నడుస్తోందట. అమ్మ గదిలో పెట్టి పెదవులు చాలా ఆడిస్తోందట, అమ్మకి ఒంట్లో బాగాలేదేమోనట. ఆ చివరిది చెప్పినప్పుడు మా అమ్మ నన్ను చూసి కళ్ళు తుడుచుకునేంత నవ్వింది. మా అమ్మ చాటింపుకి వెళ్తే పిల్ల వెంట వెళ్ళేది. అమ్మ మడమతో నేలని తన్నితే ఇది కూడా చిన్న మడమతో తన్నేది. ఇంట్లోవాళ్ళు పెద్ద మడమకి బయటికి వచ్చి, చిన్న మడమకి వచ్చాంలే అని చేతులాడించేవాళ్ళు.

శనివారం మా ఆయన వచ్చాడు. సంగతి విన్నాడు.

"డోళ్ళతో పాటు పడుకోబెట్టారా? మిషనునా?" అని గొంతు చించుకున్నాడు. అంతే, యిరెంచి గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. ఆపియాకి చేతిమాట అంతంత మాత్రం. మిగిలిన పోట్లాటంతా నా చెవిలో గుసగుసగా కానిచ్చాడు. గుసగుసగా కోప్పడే మగవాణ్ణి చూస్తే ఏ పెళ్ళానికైనా నవ్వొస్తుంది. నేను నవ్వాను. అతను అలిగి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

కాసేపటికి గోడ వైపే చూస్తూ అన్నాడు. "ఒక్కసారి నాన్నా అంటే చాలు మాన్సా. ఇంకేమీ అడగను."

ఆ మాట నన్ను పండగ దాకా వదల్లేదు.

పండగ రోజు పొద్దున్నే ఆపియా వ్యానులో లాంప్టీ మేడమ్ దిగింది. జరిగింది దాచడం నా వల్ల కాలేదు. ఇంట్లోకి తీసుకెళ్ళి అంతా చెప్పేశాను. ఆవిడ మొహం వాడిపోయింది.

"ఇన్ని వారాలూ చెవి ఖాళీగా ఉందా? చేతులు కూడా మొదలుపెట్టేశారా?"

"అవునమ్మా."

"నేనేం చేయాలి చెప్పు మాన్సా? నీ మీద కోపం లేదు. కానీ కింద ఒక తల్లి రోజూ వచ్చి నా గుమ్మం ముందు కూర్చుంటోంది, తన బిడ్డకి ఎప్పుడిస్తావని. ఇవాళ నా కళ్ళ ముందు ఈ పిల్ల ఒక్కసారైనా చప్పుడుకి తిరగాలి. చూసి తిరిగితే కాదు, నేల అదిరి తిరిగితే కాదు. వినాలి. లేదంటే సాయంత్రం దాన్ని తీసుకుపోతాను."

సరేనన్నాను. ఇంకేమంటాను?

డోళ్ళ ఇంటి ముందు ఊరు ఊరంతా నిలబడింది. పిల్లాజెల్లా, ముసలీముతకా, కింది ఊళ్ళ నుంచి వచ్చిన చుట్టాలు, ఎవరి నోటా చప్పుడు లేదు. డోళ్ళను బయటికి తెచ్చి నిలబెట్టారు. పెద్ద డోలు మనిషికన్నా ఎత్తు. ముందుగా మా అమ్మ తెల్లగుడ్డ మూట తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను మిషనులో బ్యాటరీ వేసి, ఒఫోసువా చెవిలో బిళ్ళ నొక్కి, కాయలాంటి ముక్కని చెవి వెనక తగిలించాను.  మా అమ్మ వచ్చి దాన్ని వేలి చివరతో ఒక్కసారి ముట్టుకుంది. లేపడం అంటే అదే. ఇక వెనక్కి చూడకుండా డోలు దగ్గరికి వెళ్ళిపోయింది.

లాంప్టీ మేడమ్ గుంపు చివర పిల్ల ముందు గొంతుక్కూర్చుంది. "దీన్ని నా వైపు తిప్పు. అటు చూడకూడదు," అంది గుసగుసగా. తన సంచీలోంచి మెరిసే తాళాల గుత్తి తీసి పిల్ల చేతిలో పెట్టింది. ఒఫోసువా ఊరికంతటికీ వీపు పెట్టి తాళాలతో ఆటలో పడిపోయింది.

డోలుని లేపేది మా ఊళ్ళో వినపడని మనిషే. ఇన్నాళ్ళ నిశ్శబ్దం తర్వాత చెవులున్నవాళ్ళకి ఆత్రం, డోలు సరిగ్గా పలక్కపోయినా పలికిందనుకుంటారు. వినపడని మనిషి అరచెయ్యికి ఆ ఆత్రం లేదు. మా అమ్మ డోలు పొట్టకి చెయ్యీ చెంపా ఆనించి కళ్ళు మూసుకుంది. డార్కో తాత వంకర కర్ర ఎత్తాడు. ఎత్తి, ఊరంతా ఊపిరి బిగబట్టేదాకా ఆగాడు.

ఒక్క దెబ్బ.

ఏం చెప్పను? అన్ని వారాలు ఈగ రొద విన్న చెవులు మావి. ఆ దెబ్బ అరికాళ్ళలోంచి లేచి, కడుపులోంచి పోయి, పళ్ళలో ఆగింది. పక్కన నిలబడ్డ ముసలమ్మ కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. నావీ కారాయి.

ఒఫోసువా తాళాలు ఆడించడం ఆపి, కిందికి, తన కాళ్ళ వంక చూసుకుంది. తిరగలేదు.

"నేల," అంది మేడమ్ గుసగుసగా. "అది నేల చెప్పింది. చెవి కాదు."

 ఇక మిగిలింది ఒక్కటే, అదీ డోలు కాదు. డోలు లేచిందని తేలాక లేపిన మనిషి చెయ్యెత్తి కేక వేయాలి. ఇన్ని వారాల తర్వాత వీధిలో మొదటి మనిషి గొంతు అదే. ఆ కేక పడితేనే ఊరు నోరు విప్పుతుంది. మా అమ్మ గొంతు వీధిలో వినపడేది ఆ ఒక్క రోజే. చిన్నప్పుడు ఎవరో వెక్కిరించారట, అప్పటి నుంచి ఇంట్లో కూడా గొంతు ఎత్తదు. నన్ను పిలవాలన్నా మడమతో నేలని తన్నేది, దగ్గరికొస్తే భుజం తట్టేది.

మా అమ్మ డోలు మీంచి చెంప తీసింది. రెండు చేతులూ పైకెత్తింది. నోరు తెరిచింది.

ఆ గొంతు ఎక్కడా నేర్చుకున్నది కాదు. మాట లేదు అందులో, రాగం లేదు. కింద ఎక్కడో బొంగురుగా మొదలై, పైకి పోయి, పగిలి, పగిలిన చోటు నుంచి మళ్ళీ లేచింది. మేడమ్ ఒంటి మీద రోమాలు లేచి నిలబడటం నేను చూశాను. నేను పిల్లని చూడలేదు. చూడటానికి భయమేసింది.

మేడమే నా మోచెయ్యి పట్టుకుంది.

తాళాల గుత్తి నేల మీద పడి ఉంది. ఒఫోసువా తిరిగింది. ముందు తల, తర్వాత ఒళ్ళంతా. ఊరు ఊరంతా కేకలు మొదలుపెట్టకముందే, ఆ ఒక్క గొంతుకే తిరిగి, అంత జనం కాళ్ళ మధ్య నుంచి మా అమ్మనే వెతుక్కుని పట్టుకుంది. కళ్ళు ఇంతలేసి చేసుకుని చూస్తోంది. తర్వాత ఊరు ఒక్కసారిగా అరిచింది. డోళ్ళన్నీ అందుకున్నాయి. పిల్ల బెదిరి చెవి మూసుకుంటుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. అదేమీ చేయలేదు. జనాన్ని తోసుకుంటూ అమ్మమ్మ దగ్గరికి పరుగెత్తింది. నేను దాని వెనక, నా వెనక మేడమ్.

మా అమ్మ ముందు నిలబడి ఒఫోసువా తన భుజం తనే తట్టుకుంది. తర్వాత మా అమ్మని వేలితో చూపించింది.

"నువ్వు నన్ను తట్టావు."

మా అమ్మ అడ్డంగా తలూపింది. "నేనా? నేను ఇక్కడున్నాను. నువ్వు అక్కడున్నావు."

"తట్టావు," అంది పిల్ల మొండిగా. చెయ్యి చాచి, తను నిలబడ్డ చోటు నుంచి డోలు దాకా ఉన్న దూరాన్నంతా చూపించింది. "అక్కడి నుంచి. చెయ్యి లేకుండా."

 ఇన్నేళ్ళుగా నేను చెప్పలేకపోయింది అదే. పెద్దదీ కాదు, చిన్నదీ కాదు, నీళ్ళు పడ్డట్టూ కాదు. దూరాన ఉన్న మనిషి అక్కడి నుంచే భుజం తట్టడం. మా అమ్మ చెయ్యి మెల్లగా లేచి తన గొంతు మీద వాలింది. అక్కడ ఏముందో ఇప్పుడే తెలిసినట్టు తడుముకుంది.

"ఏమంటోంది?" అని మేడమ్ నా చెయ్యి కుదిపింది. "మాన్సా, పిల్ల ఏమంటోంది?"

చెప్పాను. డోళ్ళ మోతలో అరిచి చెప్పాల్సి వచ్చింది.  ఆవిడ తన భుజం తనే తట్టుకుని, ఇలాగేనా అన్నట్టు నా వంక చూసింది.

కింది ఊరికి పోయే వేరే బండి ఎక్కేటప్పుడు మిషను సంగతి మేడమే ఎత్తింది. "అది ఉండనీ. కింది తల్లికి నేనేదో చెప్పుకుంటాను, ఇంకొకటి తెప్పిస్తాను. బడిలో చేతుల విషయం నా ఒక్కదాని వల్ల తేలేది కాదు. పైవాళ్ళతో మాట్లాడాలి."

"అప్పటిదాకా ఇంట్లో?"

"అప్పటిదాకా మీ ఇంట్లో నేనేమీ చూడలేదు," అని తలుపు వేసుకుంది.

సాయంత్రం ప్రతి ఇంట్లోనూ రోకళ్ళు లేచాయి. నేను ఫూఫూ దంచుతున్నాను. ఆపియా పక్కన కూర్చుని తడిచేత్తో ముద్ద తిప్పుతున్నాడు. కళ్ళు మాత్రం పిల్ల మీదే. అది పెరటి చివర మేక దగ్గర, మాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. మా అమ్మ వసారాలో ఉంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి, తొడల కింద కాదు.

ఉన్నట్టుండి వసారాలోంచి గొంతు వినిపించింది. చిన్నగా, సిగ్గుపడుతూ. నా రోకలి ఆగిపోయింది. పండగ కేకలో తప్ప మా అమ్మ గొంతు నేను పుట్టి బుద్ధెరిగాక వినడం అదే మొదలు.

ఒఫోసువా తిరిగింది. లేచి పెరడంతా పరుగెత్తుకుంటూ వచ్చింది. "ఏంటి?"

"ఏం లేదు. వెళ్ళు," అంది మా అమ్మ.

పిల్ల మేక దగ్గరికి పోయి కూర్చుంది. మా అమ్మ ఆగింది, ఆగలేక మళ్ళీ పిలిచింది. పిల్ల మళ్ళీ పరుగెత్తుకొచ్చింది. "ఏంటి?"

"ఏం లేదు."

"మరెందుకు పిలిచావు?"

మా అమ్మ దాని భుజం తట్టి, మొహమంతా నవ్వుతో అంది. "ఊరికే."

పిల్ల వెళ్ళి కూర్చుంది. చీకటిపడేదాకా మా అమ్మ దాన్ని పిలుస్తూనే ఉంది. అది తిరుగుతూనే ఉంది.